గిన్నె ఖాళీ కాకముందే: తైనాన్‌లో ఒక రోజు

తైవాన్ వెళ్లే మనవాళ్లు ఎక్కువమంది తైపేలోనే ఆగిపోతారు. 101 అంతస్తుల టవర్ ఎక్కి, నాలుగు ఫొటోలు దిగి, వెనక్కి వచ్చేస్తారు. తిండి మీద ఆశ ఉన్నవాళ్లు మాత్రం దక్షిణానికి దిగాలి. తైనాన్ ఆ దీవిలో అన్నిటికన్నా పాత నగరం, 19వ శతాబ్దం చివరి దాకా రాజధాని. శనివారం వచ్చిందంటే తైవాన్ వాళ్లే రైలెక్కి ఇక్కడికి తినడానికి వస్తారు.

ఈ ఊరికి ప్లాన్ వేసేటప్పుడు అందరూ ముందు చూడాల్సిన చోట్లు రాసుకుని, ఆ మధ్యలో భోజనాలు ఇరికిస్తారు. ఇక్కడ అది తిరగబడుతుంది. కోట సాయంత్రం 5:30 దాకా ఎక్కడికీ పోదు. బియ్యప్పిండి కుడుములు అమ్మే ఆయన మాత్రం గిన్నెలు అయిపోయిన నిమిషంలో షట్టర్ దించేస్తాడు, అది మధ్యాహ్నం రెండైనా సరే. అందుకని ముందు తిండి వేళలు రాసుకోండి, కోటలూ గుళ్లూ ఆ సందుల్లో వాటంతట అవే సర్దుకుంటాయి.

బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, బ్యాంకాక్, సింగపూర్, కౌలాలంపూర్ లాంటి చోట మారాలి. మనకు వీసా కావాలి. కానీ అమెరికా, కెనడా, యూకే, యూరప్ షెంజెన్ దేశాలు, జపాన్, కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఏదో ఒక వీసా చెల్లుబాటులో ఉన్నా, గడువు ముగిసి పదేళ్లు దాటకపోయినా, ఆన్‌లైన్‌లో ఉచితంగా ట్రావెల్ ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకుని 14 రోజులు ఉండొచ్చు. పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్లొచ్చిన అమ్మానాన్నలు ఇంటింటా ఉన్న ఊరు మనది, పాత పాస్‌పోర్టు బీరువాలోంచి బయటికి తీయండి. అది లేనివాళ్లు చెన్నైలోని తైపే ఆర్థిక సాంస్కృతిక కేంద్రానికి దరఖాస్తు పెట్టుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి, టికెట్టు కొనే రోజే ఒకసారి చదువుకోండి.

పెట్టెలో చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి పెట్టొద్దు. మాంసం తగిలిన ఏ సరుకునూ తైవాన్ రానివ్వదు, పందుల జ్వరం భయంతో ఆ నిబంధన మరీ బిగించారు. జరిమానా పది లక్షల తైవాన్ డాలర్ల దాకా వెళ్తుంది. తాజా పళ్లు, కూరగాయలు కూడా వద్దు. ఇక రైస్ కుక్కర్ సంగతి. అక్కడి కరెంటు 110 వోల్టులు, ప్లగ్గుకు రెండు చదును పిన్నులు. అడాప్టర్ పెడితే ఫోను, ల్యాప్‌టాప్ చార్జవుతాయి, వాటి చార్జర్లు రెండు వోల్టేజీలకూ పనికొస్తాయి. మన 230 వోల్టుల కుక్కర్ మాత్రం అక్కడ నాలుగో వంతు కన్నా తక్కువ వేడి ఇస్తుంది. వోల్టేజీ సగమైతే పవర్ సగం కాదు, పావు అవుతుంది మరి. బియ్యం నాని నాని ముద్దవుతుంది తప్ప ఉడకదు. దాని బదులు కారప్పొడి చిన్న డబ్బా ఒకటి పెట్టుకోండి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

తైపే నుంచి హైస్పీడ్ రైలు గంటా నలభై అయిదు నిమిషాలకు అటూ ఇటుగా తీసుకుంటుంది, రిజర్వుడ్ సీటు 1350 తైవాన్ డాలర్లు. డాలరుకు మూడు రూపాయలు వేసుకుంటే లెక్క దాదాపు సరిపోతుంది. చాలామంది బోల్తా పడేది దిగాకే. హైస్పీడ్ స్టేషన్ ఉన్నది ఊళ్లో కాదు, గ్వేరెన్ అనే శివారులో. దాన్ని ఆనుకునే షాలున్ అనే మామూలు రైల్వే స్టేషన్ ఉంది, అక్కడి నుంచి లోకల్ రైలు ఊరి మధ్యకు చేరుస్తుంది, ఇరవై నిమిషాల పైమాట. లోకల్ తప్పిపోతే అరగంట దాకా కూర్చోవాల్సి రావచ్చు. పొద్దున్నే తైపేలో బయల్దేరి రాత్రికి తిరిగి వెళ్దామనుకుంటే ఉదయపు తిండి మొత్తం పోతుంది. ముందు రాత్రే వచ్చి పాత స్టేషన్‌కూ చిఖాన్ కోటకూ మధ్య ఎక్కడైనా దిగండి. సిటీలో మెట్రో లేదు. బస్సు, ట్యాక్సీ, కాళ్లు, అంతే. ఏ కన్వీనియన్స్ స్టోర్‌లోనైనా ఈజీకార్డ్ కొని డబ్బులు వేయించుకుంటే లోకల్ రైలుకు, బస్సుకు, ఆ స్టోర్‌లో నీళ్ల సీసాకు కూడా పనికొస్తుంది. చిన్న తిండి కొట్లకు మాత్రం నోట్లూ చిల్లరా కావాలి.

ఉదయం ఆరింటికి లేవాలి. అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు, అంటే మీ ఒంటికి అది తెల్లవారుజాము మూడున్నర. దిగిన మర్నాడే ఈ పని పెట్టుకోకండి.

తైనాన్ పొద్దుటి తిండిలో పేరుమోసింది గొడ్డుమాంసం సూపు. పాతబస్తీలో నహారీ కోసం చీకటితోనే బయల్దేరేవాళ్లకు ఈ వేళ కొత్తేమీ కాదు. దగ్గరలోని షాన్‌హ్వాలో కబేళా ఉంది, మాంసం ఫ్రిజ్ ముఖం చూడకుండా తెల్లారేలోపు కొట్టుకు చేరుతుంది. పల్చగా కోసిన పచ్చి ముక్కలు గిన్నెలో పరిచి, మీద సలసల కాగే పులుసు పోసి అలాగే ఇస్తారు. పులుసు వేడికే ముక్క ఉడకాలి. గులాబి రంగులో ఉన్నప్పుడే అల్లం తురుము కలిపిన తీపి సోయా సాస్‌లో ముంచి తినాలి, ఫొటోల కోసం ఆగితే బూడిద రంగుకు తిరిగి తోలవుతుంది. తిననివాళ్లు మొహమాటపడక్కర్లేదు. పొలం దున్నిన పశువని గొడ్డుమాంసం ముట్టని పాతకాలపు కుటుంబాలు తైవాన్‌లోనూ ఉన్నాయి. ‘బూ చి న్యూ రో’ అంటే చాలు, వెంటనే అర్థం చేసుకుంటారు.

అది వద్దనుకునే మాంసాహారులకు నా ఓటు చేపల జావకు. చేప పాలబొంత, మన కోస్తాలో దొరికేదే. తైనాన్ చుట్టూ చెరువుల్లో దీన్నే పెంచుతారు. రుచికి తిరుగులేదు కానీ రెండు వందలకు పైగా ముళ్లుంటాయి. అందుకే ముళ్లు తీసిన పొట్టభాగం అడగాలి, నల్లటి చర్మం కింద వేలెడు మందాన కొవ్వు కనిపించే ముక్క అది. జావ అంటే మన గంజి కాదు, అన్నం మెతుకు మెతుకుగా తేలే చారు. చల్లారితే నీచు తెలుస్తుంది, వేడిగానే ముగించండి.

శాకాహారులు ఈ పూట సోయాపాల కొట్టుకు వెళ్లాలి. వేడి సోయాపాలు, అందులో ముంచుకోవడానికి మూరెడు పొడుగు నూనె రొట్టె, యౌత్యావ్. పాలు తీపివా, ఉప్పువా అని అడుగుతారు. తీపే చెప్పండి. ఉప్పు గిన్నెలో వెనిగర్‌తో పాలు విరగ్గొట్టి ఎండురొయ్యలు చల్లే అలవాటుంది.

శాకాహారం గురించి ఇక్కడే చెప్పేస్తాను, రోజంతా అవసరమయ్యేదే. తైవాన్‌లో శాకాహారం తేలిక, శాకాహారి హోటల్ కాని చోట మాత్రం కష్టం. గుర్తుపట్టాల్సిన అక్షరం ఒక్కటే, ‘సూ’. పైన మూడు అడ్డగీతల్ని చీల్చుతూ ఒక నిలువు గీత, కింద మెలిపెట్టిన దారం లాంటి ముడి. పక్కన స్వస్తిక్ గుర్తు ఉందంటే అది బౌద్ధుల వంటిల్లు, ఉల్లి వెల్లుల్లి కూడా పడవు. మన వ్రతం రోజుల్లోనూ నిశ్చింతగా తినొచ్చు. చాంద్రమాన నెల ఒకటో రోజు, పదిహేనో రోజు చాలామంది మాంసం మానేస్తారు కాబట్టి ఆ రెండు రోజులు అవి కిటకిటలాడతాయి. అంటే దాదాపుగా మన అమావాస్య, పౌర్ణమి అన్నమాట. మామూలు కొట్లో ‘వో చి సూ’ అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. కూర ఆకుకూరే అయినా వేపింది పంది కొవ్వులో కావచ్చు, చారు ఎముకలదో ఎండుచేపదో కావచ్చు. బ్రెడ్ మీదా అన్నం మీదా చల్లిన గోధుమరంగు పీచు కొబ్బరి కోరులా కనబడుతుంది, అది పంది మాంసం పొడి. మన శాకాహారులు ఎక్కువగా మోసపోయేది దాని దగ్గరే.

ఎనిమిదిన్నరకు చిఖాన్ కోట గేటు తీస్తారు. 1653లో డచ్చివాళ్లు కట్టింది. ఇప్పుడు కనిపించే వంపు కప్పుల మండపాలు మాత్రం చైనా చింగ్ వంశపు కాలం నాటివి, డచ్చి కట్టడంలో పునాది ఇటుకలు కొన్నే మిగిలాయి. ఇక్కడ నిలబడి చూడాల్సినవి వరసగా ఉన్న తొమ్మిది రాతి తాబేళ్లు. ఒక్కోదాని వీపు మీద ఒక్కో శాసనం, ఒక తిరుగుబాటును అణిచినందుకు చియెన్‌లోంగ్ చక్రవర్తి చెక్కించి పంపినవి. ముప్పావు గంట చాలు.

రోడ్డు దాటితే యుద్ధదేవుడి గుడి, దాని పొడవాటి ఎర్రగోడ. నాలుగడుగులు వేస్తే సముద్రదేవత మాజూ గుడి. చెప్పుల స్టాండ్ కోసం వెతక్కండి, అక్కడి గుళ్లలో చెప్పులు విప్పరు. గుడికి ఎదురుగా నిలబడితే మీ కుడివైపు ద్వారంలోంచి లోపలికి, ఎడమవైపు ద్వారంలోంచి బయటికి. గడప మీద కాలు పెట్టకూడదు, దాటాలి. ఇది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. లోపల నేల మీద టకటకమని చప్పుడవుతుంటుంది, చందమామ ముక్కల్లాంటి రెండు చెక్కలు వేసి దేవతను అడుగుతుంటారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అవునని జవాబు. రెండూ చదును వైపు పైకి పడితే దేవత నవ్వి ఊరుకుందని అర్థం, ప్రశ్న మార్చి మళ్లీ అడగాలి. మన పూలు పడే ప్రశ్నకు దగ్గరి చుట్టమే.

ఎర్రగోడ పక్కన బూడిద గుమ్మడి షర్బత్ అమ్ముతారు. మనం వడియాలు పెట్టే, గుమ్మానికి దిష్టికి కట్టే కాయే. పంచదారలో గంటల తరబడి ఉడికించి బెల్లం దిమ్మలా గట్టిపరిచి, నీళ్లలో కరిగిస్తారు. కాల్చిన బెల్లం వాసన వేస్తుంది, తీపి ఎక్కువ. ఇద్దరికి ఒక గ్లాసు చాలు.

పదిన్నర లోపు గ్వోహ్వా వీధి, యోంగ్‌లె మార్కెట్ చేరాలి. పదకొండున్నరకు క్యూలు మొదలవుతాయి, ఎండ కూడా. ఇక్కడ తినాల్సింది వాగ్వే. పాత బియ్యం రుబ్బి, ఆ పిండిని గిన్నెలోనే ఆవిరి మీద ఉడికిస్తారు. పులియబెట్టరు కాబట్టి ఇడ్లీ మెత్తదనం ఆశించొద్దు, ఉండ్రాళ్ల పిండిలా బిగువుగా ఉంటుంది. అడుగున పంది మాంసం ముక్క, రొయ్య, గుడ్డు సొన దాగి ఉంటాయి. చిక్కటి సోయా సాస్ పోసి, చెంచా అంచుతో గిన్నెలోనే అడ్డంగా నిలువుగా గీతలు పెట్టుకుని ముక్కలు చేసుకోవాలి, సాస్ లోపలి దాకా దిగేది అప్పుడే. పక్కనే లుంబ్యా అనే చుట్ట, పల్చటి గోధుమ పొరలో క్యాబేజీ, వేరుశెనగ పొడి, చక్కెర. అవును, చక్కెరే. తైనాన్ వంటలో ప్రతిదానికీ ఒక చెంచా తీపి ఎక్కువే. డచ్చివాళ్ల కాలం నుంచి చెరకు పండిన నేల, పంచదార ఉన్న ఇల్లంటే కలిగిన ఇల్లని లెక్క. గుంటూరు నాలుకకు రెండో గిన్నెకే విసుగు పుడుతుంది. కారప్పొడి డబ్బా తీయాల్సింది ఇప్పుడే.

కడుపు నింపుకోవద్దు. ఇద్దరు వెళ్తే ప్రతిచోటా ఒక్కటే ప్లేటు చెప్పి పంచుకోండి. ఇవన్నీ చిన్న గిన్నెలే కానీ రోజులో ఎనిమిదో తొమ్మిదో అవుతాయి.

మధ్యాహ్నం ఎండలో నడక హయాషి డిపార్ట్‌మెంట్ స్టోర్ దాకా చాలు. 1932లో జపాన్ పాలనలో తెరిచారు, లిఫ్టు ఉన్న కొట్టని అప్పట్లో జనం చూడ్డానికి వచ్చేవారు. మేడ మీద చిన్న షింటో మందిరం, రెండో ప్రపంచ యుద్ధపు బాంబు దెబ్బలు అలాగే ఉంచారు. అక్కడి నుంచి 1665 నాటి కన్ఫ్యూషియస్ గుడికి నడిచిపోవచ్చు. లోపలి హాలు కన్నా బయటి చెట్ల నీడే బాగుంటుంది.

రెండింటి నుంచి మూడున్నర దాకా ఎక్కడైనా ఏసీలో కూర్చోవాల్సిందే. కర్కటరేఖకు కాస్త దిగువనున్న ఊరు ఇది, వేసవి ఉక్క హైదరాబాద్‌ది కాదు, విశాఖది. నవంబర్ నుంచి మార్చి దాకా హాయి. కానీ మామిడిపళ్లు కావాలంటే జూన్, జులైల్లోనే రావాలి, ఉక్కను భరించాలి. తైనాన్ నగర పరిధిలోని యూజింగ్ మామిడికి పేరు. రకం పేరు ఇర్విన్, పైన ఎర్రటి తొక్క, లోపల పీచులేని కండ. మంచు తురుము కొండలా పోసి, ముక్కలు గుమ్మరించి ఇస్తారు. బంగినపల్లితో పోల్చి చూడాలని అందరికీ ఉంటుంది. తీపి సమానమే, వాసనలో మనదే పైచేయి. అక్కడివాళ్ల ముందు ఈ మాట అనకండి.

మామిడి కాలం కాకపోతే టమాటా ముక్కల పళ్లెం చెప్పండి. పచ్చిఎరుపు టమాటా ముక్కలు, ముంచుకోవడానికి సోయా సాస్‌లో అల్లం ముద్ద, చక్కెర, అతిమధురం పొడి. వినడానికి విచిత్రం, తింటే మాత్రం పళ్లెం ఖాళీ. లేదంటే బబుల్ టీ. దాన్ని కనిపెట్టింది మేమంటే మేమని తైనాన్ టీ కొట్టు ఒకటి, తైజోంగ్ టీ కొట్టు ఒకటి కోర్టుకెక్కాయి. ఆ నల్ల ఉండలు కర్రపెండలం పిండివే, అంటే మన సామర్లకోట, పెద్దాపురం సగ్గుబియ్యానికి అన్నలు. చెప్పేటప్పుడు ‘బాన్ థాంగ్’ అంటే సగం తీపి, ‘వూ థాంగ్’ అంటే తీపి లేకుండా, ‘షావ్ బింగ్’ అంటే ఐసు తక్కువ. ఏమీ చెప్పకపోతే పూర్తి తీపి పోస్తారు.

మూడున్నరకు ఆన్‌పింగ్‌కు ట్యాక్సీ. సముద్రం వైపున్న పాత రేవు ఇది. 1624లో డచ్చివాళ్లు కోట మొదలుపెట్టింది ఇక్కడే, దానికి వాళ్లు పెట్టిన పేరు జీలాండియా. దాన్ని కట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీయే అప్పటికే మన మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టుకుని గుడ్డలు కొంటోంది. 1661లో చైనా మింగ్ వంశపు సేనాని కొషింగా సైన్యంతో వచ్చి తొమ్మిది నెలలు ముట్టడిస్తే మరుసటి ఏడాది ఫిబ్రవరిలో డచ్చివాళ్లు కోట వదిలి పోయారు. టికెట్టు కొని లోపలికి వెళ్లినవాళ్లు తెల్లటి గోపురాన్ని ఫొటో తీసి డచ్చి కోట చూశామనుకుంటారు. అది చాలా తర్వాతి కట్టడం. అసలు డచ్చి గోడ కావాలంటే బయటి వైపు చూడాలి. మర్రి వేళ్లు పాకిన ఎర్ర ఇటుకల గోడ ఒకటి అలాగే నిలబడి ఉంది. దగ్గరికి వెళ్లి ఇటుకల మధ్య సందు చూడండి. సిమెంటు కాదు. పంచదార పాకం, బంక బియ్యం గంజి, ఆల్చిప్పల సున్నం, ఇసుక కలిపి దంచిన గార. మన పాత మేస్త్రీలు గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ పోసినట్టే. గోరుతో గీకితే రాలదు, గీకొద్దు కూడా.

నడిచి వెళ్లే దూరంలోనే ఆన్‌పింగ్ ట్రీ హౌస్. టెయిట్ అనే బ్రిటిష్ కంపెనీ కార్యాలయం వెనక గిడ్డంగి, మనుషులు వదిలేశాక మర్రి ఆక్రమించింది. కప్పు పోయింది, ఊడలే దూలాలు, వేళ్లే గోడలు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూసినవాళ్లకు చెట్టు చిన్నదే అనిపిస్తుంది. జాతి కూడా వేరు, ఆకు చిన్నది. అక్కడ చెట్టు కింద మనం నిలబడతాం, ఇక్కడ చెట్టు గదుల్లోంచి నడుస్తాం. దోమలు గట్టిగా ఉంటాయి, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. పాత వీధి సందుల్లో ఇళ్ల గుమ్మాల మీద కత్తి కరిచిపట్టిన సింహం ముఖాలు చూడండి, అవి వాళ్ల దిష్టిబొమ్మలు.

ఆన్‌పింగ్‌లో తినాల్సింది దోహ్వా. సోయాపాల జున్ను అనుకోండి, గరిటె తగిలితే వణుకుతుంది, నోట్లో పెట్టగానే ఉండదు. చెక్కర పాకమో, అల్లం పాకమో, మీద ఎర్ర చిక్కుళ్లు. శాకాహారులకు రోజులో అన్నిటికన్నా భరోసా ఉన్న గిన్నె ఇదే. రొయ్యల చుట్టలు వేయించి పెట్టే కొట్లు కూడా ఈ వైపే.

చీకటి పడ్డాక ఊళ్లోకి వచ్చి షెన్‌నోంగ్ వీధిలో లాంతర్ల కింద ఒక చక్కర్, ఆ తర్వాత దాన్‌జాయ్ నూడుల్స్. దాన్‌జాయ్ అంటే కావడి. తుపాన్ల నెలల్లో చేపల వేట సాగక బెస్తవాళ్లు కావడి మోస్తూ అమ్మిన వంట. 1895లో అలా మొదలైన దూ షావ్ యుయె కొట్టు పేరుకు అర్థం కూడా ‘గడ్డు నెలలు గట్టెక్కడం’. ఇప్పటికీ వంటాయన పీట మీద నేలకు దగ్గరగా కూర్చునే చేస్తాడు. వెదురు జల్లెడలో నూడుల్స్ వేడినీళ్లలో నాలుగుసార్లు ముంచి దులుపుతాడు, గిన్నెలో బోర్లిస్తాడు. రొయ్య తలలు మరిగించిన పులుసు గరిటెడు, రోజుల తరబడి పొయ్యి మీదే ఉండే కుండలోంచి పంది కైమా చెంచాడు, వెల్లుల్లి ముద్ద, నల్ల వెనిగర్ చుక్క, కొత్తిమీర, చివర్న ఒక్కటంటే ఒక్క రొయ్య. అరనిమిషం పని. నాలుగు ముద్దలకు అయిపోతుంది, మోసమేమో అనిపిస్తుంది. అది కడుపు నింపే భోజనం కాదు, మన మిర్చి బజ్జీ లాంటి చిరుతిండి.

రాత్రి మార్కెట్టుకు వారం చూసుకుని వెళ్లాలి. తైపేలోలా ఒకే చోట రోజూ ఉండదు, కొట్లవాళ్లు ఖాళీ మైదానాలు మారుతుంటారు. సోమ, మంగళ, శుక్రవారాలు దాదోంగ్. బుధ, శని వూషెంగ్. గురు, శని, ఆది హ్వాయువాన్, అన్నిట్లోకీ పెద్దది. ఊరి పిల్లలు ‘దా దా వూ హ్వా దా వూ హ్వా’ అని జపంలా చెబుతారు, సోమవారం నుంచి లెక్క. ఇది తెలియక ఆటో దిగినట్టు ట్యాక్సీ దిగి చీకటి పార్కింగ్ స్థలం ముందు నిలబడినవాళ్లు ఎందరో. ఏడింటికి వెళ్తే నడవడానికి చోటుంటుంది. ఎనిమిదిన్నరకు మన నాంపల్లి ఎగ్జిబిషన్ ఆదివారం రద్దీ.

అక్కడ కంపు టోఫూ వాసన వంద గజాల నుంచే పట్టుకుంటుంది. వాసన చూసి పారిపోకండి, వేయించాక అది చాలామటుకు తగ్గి పైన కరకర, లోపల మెత్తన. ఊరవేసే ఉప్పునీళ్లలో కొందరు ఎండురొయ్యలు వేస్తారు కాబట్టి శాకాహారులు ‘సూ’ అక్షరం ఉన్న బండి దగ్గరే తీసుకోవాలి. ఆల్చిప్పల అట్టు జిగురుగా ఉందని పచ్చిగా ఉందనుకోకండి, చిలగడదుంప పిండి స్వభావమే అంత. జామకాయ ముక్కల మీద మన ఉప్పుకారం బదులు రేగు పొడిలా పుల్లగా, తియ్యగా ఉండే ప్లమ్ పొడి చల్లుతారు. చెత్తబుట్టలు కనబడవు, ఖాళీ కప్పులు, పుల్లలు వేసుకోవడానికి ఒక కవరు, చేతులు తుడుచుకోవడానికి టిష్యూ ప్యాకెట్ జేబులో పెట్టుకుని వెళ్లండి. ఇంటికి పైనాపిల్ కేకులు కొనేవాళ్లు డబ్బా వెనక ‘సూ’ ఉందో లేదో చూసుకోవాలి. కొన్నిటిలో పంది కొవ్వు పడుతుంది, చాలావాటిలో గుడ్డుంటుంది. మామ్మకు ఇచ్చే డబ్బా మాత్రం శాకాహారి బేకరీలోనే కొనండి.